అయ్యగారి మూర

నాకు ఈ లోకంలో అన్నిటికన్నా భయం, మా పాప నలుగురిలో నోరు తెరిచి ఏదైనా అడుగుతుందేమోనని. జ్వరాలకు కూడా ఇంత భయపడను. జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తాం, డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. కుక్క కరుస్తుందేమో, నీళ్ల తొట్టిలోకి తొంగిచూస్తుందేమో, తలుపు సందులో వేలు పెడుతుందేమో అన్నవి పూటకొకటి చొప్పున పడే మామూలు భయాలు. వాటికి నేను అలవాటు పడ్డాను, అవి నాకు అలవాటు పడ్డాయి. ఈ ఒక్కటి మాత్రం అలా కాదు. నేను కుట్టుమిషను తొక్కుతుంటే ఈ భయం నా పక్కనే పీట వేసుకుని కూర్చుంటుంది.

ఎందుకో తెలియాలంటే మా బడి సంగతి చెప్పాలి. మా బడి చాలా మంచి బడి. బడీ, చర్చీ ఒకే ప్రహరీలో ఉంటాయి. అక్కడ ఎవరినీ కొట్టరు, తిట్టరు. ఏ ప్రశ్ననూ తప్పనరు. జవాబు తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే, ఆ జవాబు వచ్చేదాకా ఆ బిడ్డను వరండాలో ఒక బెంచీ మీద కూర్చోబెడతారు, అంతే. జవాబు వచ్చిననాడు అది తరగతి గదులన్నీ వెతుక్కుంటూ తిరగకుండా నేరుగా బిడ్డను కలుసుకోవాలని పెద్దల ఉద్దేశం. రికార్డుల్లో దాని పేరు జవాబు నిరీక్షణ బెంచీ. టేకుది. ఏటా వార్నిష్ వేయిస్తారు. బడిలో మిగతా ఏ బెంచీకీ అంత మర్యాద లేదు.

ఆ బెంచీ నాకు బాగా తెలుసు. నేను ఏడో తరగతిలో ఉండగా, సూర్యుణ్ని నాలుగో రోజున చేశారు కదా, మరి మొదటి మూడు రోజులు పొద్దుపొడిచినట్టూ పొద్దుగూకినట్టూ ఎలా తెలిసింది అని అడిగాను. మూడు నెలలు కూర్చున్నాను. అప్పటి హెడ్‌మాస్టరుగారు ఎంతో ప్రేమగా, "నీ ప్రశ్న పైకి పంపామమ్మా. జవాబు రాగానే కబురు చేస్తాం. అందాకా ఇంటిపట్టున ఉండు" అన్నారు. ఇంటికి వచ్చిన మొదటి కబురు పెళ్లిచూపులది. పందొమ్మిదేళ్లయింది, జవాబు ఇంకా రాలేదు. నాకేమీ ఫిర్యాదు లేదు. పైన ఎన్ని ప్రశ్నలు పేరుకుపోయి ఉంటాయో! పైగా బడి నన్ను మరిచిపోలేదు. పిల్లల యూనిఫాములన్నీ నాకే కుట్టడానికి ఇస్తోంది.

ఇప్పుడు పాప నాలుగో తరగతి. ఆ తరగతికి సైన్సూ, లేఖన పాఠమూ ఒకే టీచరమ్మ చెబుతుంది. రెండో పీరియడులో భూమి వయసు నాలుగు వందల యాభై కోట్ల ఏళ్లు. మూడో పీరియడులో ఆరువేల ఏళ్లు. రెండింటికీ మధ్య ఒక బెల్లు. అది మోగగానే టీచరమ్మ బోర్డు తుడిచి, కళ్లద్దాలు తుడుచుకుని, ఒక పుస్తకం సంచిలో పెట్టి ఇంకో పుస్తకం బయటికి తీస్తుంది. ముప్ఫై ఏళ్లుగా మా బడిలో విజ్ఞానానికీ విశ్వాసానికీ ఒక్కనాడైనా మాటపట్టింపు రాలేదంటే అదంతా ఆ ఇత్తడి బెల్లు చలవే.

ఆరోజు బెల్లు మోగలేదు. బెల్లు కొట్టే అటెండరు పన్ను పీకించుకోవడానికి వెళ్లాడు. టీచరమ్మ అలవాటు కొద్దీ సమయానికి పుస్తకం మార్చింది గానీ, బెల్లు లేదు కాబట్టి బోర్డు తుడవలేదు. బోర్డు మీద పొడుగుమెడ డైనోసారు ఒకటి మేస్తోంది. దాని పక్కనే సృష్టి ఆరు రోజులూ వరసగా రాయడం మొదలుపెట్టింది. చోటు చాలక ఐదో రోజు దాని తోక కిందికీ, ఆరో రోజు దాని నాలుగు కాళ్ల మధ్యకీ వచ్చాయి.

మా పాప లేచి నిలబడింది.

"టీచర్, వీటిని ఏ రోజు చేశారు? ఇవి ఓడ ఎక్కాయా? ఎక్కితే ఇప్పుడేవి? ఎక్కకపోతే ఎందుకు ఎక్కించుకోలేదు?"

నాలుగు ప్రశ్నలు ఒక్క ఊపిరిలో. మధ్యాహ్నానికల్లా పాప బెంచీ మీద ఉంది, సాయంత్రానికల్లా విషయం మా ఇంట్లో ఉంది.

"ఏమమ్మా, నీ కూతురు దేవుడి దగ్గరే హాజరు పుచ్చుకుందటగా!" అంది మా అత్తయ్య. "మా వంశంలో ఇన్ని మాటలు ఎవరికీ లేవు."

పాప వాళ్ల నాన్న బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. ఏ సమస్యనైనా జాకీ వేసి పైకి లేపి చూసే మనిషి. "ఎక్కితేనేం, ఎక్కకపోతేనేం? పోయినవి పోయాయి. పిల్లను క్లాసులో కూర్చోబెట్టమని చెప్పు" అన్నాడు.

"మీరే వెళ్లి చెప్పండి."

"నాకు డ్యూటీ ఉందిగా!"

నేనే వెళ్లాను. హెడ్‌మాస్టరుగారు నన్ను కూర్చోమన్నారు. నేను నిలబడే ఉన్నాను, ఆ గదిలో నాకు మోకాళ్లు వంగవు. "కంగారేమీ లేదమ్మా. ఇది మీ అమ్మాయి ఒక్కదాని ప్రశ్న కాదు, మానవజాతి ప్రశ్న. సంఘం వేశాం. వారం రోజుల్లో తేలిపోతుంది" అన్నారు.

"అందాకా పాప క్లాసులో కూర్చోవచ్చా అండీ?"

"క్లాసులో కూర్చుంటే జవాబు వచ్చేటప్పటికి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?" అన్నారాయన ఆశ్చర్యంగా.

సంఘం పేరు డైనోసారు, సృష్టి సమన్వయ సంఘం. చర్చి అయ్యగారు అధ్యక్షులు. హెడ్‌మాస్టరుగారు కార్యదర్శి. టీచరమ్మ సాక్షి. జవాబు పిల్లలకు కళ్లకు కట్టినట్టుండాలని, బడి వార్షికోత్సవానికి ఓడ నమూనా చేయించాలనుకున్నారు కాబట్టి వడ్రంగి మావయ్య ఒక సభ్యుడు. ఓడకు కొలతలుంటాయి, కొలతలకు టేపు కావాలి, టేపు ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది కాబట్టి నేను కొలతల సభ్యురాలిని. ఏడో తరగతి పూర్తిచేయని దానికి ఇంతటి గౌరవం దక్కిందని అత్తయ్య వీధంతా చెప్పుకుంది. అపాయింట్‌మెంటు కాగితం చివర చిన్న అక్షరాల్లో ఒక నియమం ఉంది: ప్రశ్న విచారణలో ఉన్నంతకాలం సంఘ సభ్యులు బడి ఆవరణలో ప్రశ్నదారుతో మాట్లాడరాదు, సైగ చేయరాదు. నిష్పక్షపాతంగా ఉండాలి కదా మరి.

కాబట్టి వారానికి మూడుసార్లు నేను మెడలో టేపుతో ఆ వరండాలోంచి నడిచి వెళ్లేదాన్ని. పాప బెంచీ మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండేది. మొదటిరోజు "అమ్మా!" అంది. నేను తల వంచుకుని టేపు మీది అంకెలు చదువుకుంటూ వెళ్లిపోయాను. రెండోరోజు 'అమ్' అని ఆపేసింది. తెలివైన పిల్ల. నియమాలు తొందరగా నేర్చుకుంటుంది.

సంఘం మొదటి మూడు సమావేశాలూ బెల్లు మీద జరిగాయి. బెల్లు మోగి ఉంటే ప్రశ్న పుట్టేదే కాదు కాబట్టి మూలకారణం అదేనని తేల్చారు. అటెండరు తన నిర్దోషిత్వానికి రుజువుగా పీకించుకున్న పన్ను తెచ్చి చూపించాడు. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి ఫైలుకు కట్టారు. ఇకమీదట ఒక బెల్లు మోగకపోతే మోగడానికి ఇంకో బెల్లు, అది కూడా మోగకపోతే గట్టిగా దగ్గడానికి ఒక మనిషి ఉండాలని తీర్మానించారు.

నాలుగో సమావేశంలో ఏ రోజు చేశారన్నది ఎత్తుకున్నారు. ఈదేవాటినీ ఎగిరేవాటినీ ఐదో రోజు, నడిచేవాటిని ఆరో రోజు అని అయ్యగారు ఇట్టే చెప్పేశారు.

"మరి లేఖనంలో వీటి పేరు ఎందుకు లేదంటారు అయ్యగారూ?" అంది టీచరమ్మ.

"పిల్లి పేరు ఉందా?" అన్నారు అయ్యగారు.

అందరూ ఆలోచనలో పడ్డారు. పిల్లి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

"అన్నిటి పేర్లూ రాస్తే ఆ పుస్తకాన్ని మోసేదెవరు?" అని అయ్యగారు ముగించారు. మనిషిని కూడా ఆరో రోజే చేశారు కనుక, మొట్టమొదటి మనిషి కళ్లు తెరవగానే ఎదురుగా డైనోసారు ఉంటే జడుసుకుంటాడు కనుక, వీటిని పొద్దున పదింటికీ మనిషిని మధ్యాహ్నం రెండున్నరకూ చేసినట్టు హెడ్‌మాస్టరుగారు టైంటేబులు గీశారు. మధ్యలో ఒక బెల్లు కూడా పెట్టారు.

అలా మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. పాపను పిలవవచ్చా అని నేను అడగబోయాను. ప్రశ్నలు నాలుగూ ఒకే ఊపిరిలో వచ్చాయి కాబట్టి జవాబులు కూడా ఒకేసారి ఇవ్వాలన్నారు.

తరవాత ఓడ. ఓడ పొడవు మూడువందల మూరలు, వెడల్పు యాభై, ఎత్తు ముప్ఫై, అంతస్తులు మూడు. ఇది అందరికీ తెలిసిందే. డైనోసారు ఎంత ఉంటుందన్నదే తెలియాలి. పాఠ్యపుస్తకంలో ఎనభై అడుగులని ఉంది. కానీ ఈ వ్యవహారంలో పాఠ్యపుస్తకం ఒక పక్షం, దాని మాట ఎలా నమ్ముతాం? ఎటూ మొగ్గని సాక్ష్యం కావాలని బొమ్మల దుకాణం నుంచి పది డైనోసార్ల ప్యాకెట్టు తెప్పించారు. గట్టి ప్లాస్టిక్‌వి. పదింటిలో ఒకటి ఆవు, పొరపాటున కలిసింది. ప్యాకెట్టు మీద డైనోసార్లని అచ్చువేసి ఉంది కాబట్టి దాన్ని కూడా డైనోసారుగానే చేర్చుకున్నారు.

శుద్ధమైన జంతువులైతే ఎక్కువ జతలు, అశుద్ధమైనవైతే ఒక్క జతే ఎక్కించాలి. డెక్క చీలి, నెమరువేసేదైతేనే శుద్ధం. పదింటినీ తిరగేసి పాదాలు చూశారు. తొమ్మిది తప్పాయి. ఆవు ఒక్కటే నెగ్గింది. డైనోసార్లలో కూడా సన్మార్గులు ఉన్నారనడానికి ఇదే నిదర్శనమని అయ్యగారు ఆ ఆదివారం ప్రసంగంలో చెప్పారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

ఇక మూర. మోచేతి నుంచి నడిమివేలు కొస దాకా మూర అని మనకందరికీ తెలుసు. ఎవరి మోచేయి అన్నదే తెలియదు. ఓడ కట్టిన పెద్దాయన చెయ్యి మన దగ్గర లేదు. వడ్రంగి మావయ్య చెయ్యి కొలిచాను. పందొమ్మిది అంగుళాలు వచ్చేదే గానీ నడిమివేలు సగం ఎప్పుడో రంపం తీసుకుంది. హెడ్‌మాస్టరుగారిది పద్ధెనిమిది. ఆయన చెయ్యి చాపి ఉంచి, "రాసుకోమ్మా" అన్నారు. అయ్యగారు ఆ చేతి వంక అదోలా చూశారు. అధ్యక్షులుండగా కార్యదర్శి చేత్తో ఓడ కట్టడం బాగుండదని అందరికీ ఒక్కసారే తట్టింది. అయ్యగారి చెయ్యి కొలిచాను. ఆయన పొట్టి మనిషి. నేను టేపును ఎంత వదులుగా పట్టుకున్నా పదహారు దాటలేదు.

గజానికి అంగుళం లెక్కన నమూనా చేస్తే, ఆ మూరతో ఒక్కో అంతస్తూ నాలుగున్నర అంగుళాలు కూడా రాలేదు. పొడుగుమెడ డైనోసారు నిలువునా ఆరున్నర అంగుళాలు.

"పట్టదండీ" అన్నాడు వడ్రంగి మావయ్య. "పైకప్పుకు బెజ్జం పెట్టనా?"

"ప్రళయంలో పైకప్పుకు బెజ్జమా!" అన్నారు అయ్యగారు.

"మెడ కోసేద్దామా?"

"సృష్టిని కోస్తావా?"

"పోనీ, ఓడ ప్రయాణం పొడుగునా అది తలవంచి ప్రార్థనలో ఉందనుకుందాం" అన్నారు హెడ్‌మాస్టరుగారు. అందరికీ నచ్చింది. వేడినీళ్లలో ముంచి వంచి చూశారు. మెడ వంగలేదు, తోక ఊడింది. గుడ్లు తీసుకెళ్లి ఉండవచ్చని టీచరమ్మ అంది. ఆడా మగా జతగా ఎక్కాలని ఉంది కదా, గుడ్డులో ఏది ఆడో ఏది మగో ఓడ గుమ్మంలో నిలబడి ఎవరు తేల్చారు అని అయ్యగారు అడిగారు. పిల్ల డైనోసార్లను తీసుకెళ్లి ఉంటారని వడ్రంగి మావయ్య అన్నాడు. ప్యాకెట్టులో పిల్లలు లేవు.

నా పాప బయట కూర్చుని అప్పటికి ఇరవై ఆరు రోజులు. నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది. "చిన్న బొమ్మలు కొంటే సరిపోతుందేమో అండీ" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ప్యాకెట్టు విప్పేశాక దుకాణంవాడు వెనక్కి తీసుకోడని హెడ్‌మాస్టరుగారు మెల్లగా గుర్తుచేశారు. ఆనాటి మినిట్సులో 'కొలతల సభ్యురాలు ఏమీ అనలేదు' అని రాశారు. దయగల మనిషి. బెంచీ మీద ఇంకొకరికి చోటుందని ఆయనకు తెలుసు.

చివరికి సంఘం గొప్ప పరిష్కారం కనిపెట్టింది. ఓడ కొలత లేఖనంలో ఉంది, మార్చలేం. బొమ్మ కొలత దుకాణంలో ఉంది, మార్చలేం. మధ్యలో మార్చడానికి వీలున్నది అయ్యగారి చెయ్యి ఒక్కటే. మూర ఇరవై నాలుగు అంగుళాలైతే అంతస్తు ఆరున్నర దాటుతుంది, మెడ పడుతుంది. అయ్యగారి మూర ఇరవై నాలుగు అంగుళాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అయ్యగారు వినయంగా, "అంతా ఆయన చిత్తం" అని చేతులు జోడించారు. ఆ చేతులు అప్పుడు కూడా పదహారే ఉన్నాయి. నేను చూశాను. మినిట్సులో నేనేమీ అనలేదు.

తీర్మానమంటే కాగితం మీద ఉంటే చాలదు కదా. వార్షికోత్సవానికి అయ్యగారు తొడుక్కునే తెల్లటి అంగీ కుట్టేది నేనే. చేతుల కొలత ఎంత పెట్టాలండీ అని అడిగితే హెడ్‌మాస్టరుగారు నా వైపు జాలిగా చూశారు. "తీర్మానం చదివావు కదమ్మా" అన్నారు. చదివాను. ఎనిమిదేసి అంగుళాలు పెంచి కుట్టాను. మడతపెట్టి దాచుకోవడానికి వీల్లేకుండా అంచుకు గట్టి పట్టీ కూడా వేయించారు. సంఘం మాట మడతపడకూడదట.

ఈలోపు పాప సంగతి. బెంచీ మీద నుంచి తరగతి పాఠం కిటికీలోంచి వినపడేది. ఒకరోజు లోపల టీచరమ్మ ఏదో అడిగితే ఎవరూ చెప్పలేదని బయట నుంచి ఇదే చెప్పేసిందట. బెంచీని నాలుగు అడుగులు అవతలికి జరిపారు. నేను రోజూ యూనిఫాముకు గుండీలు సరిచూసే వంకతో ఇంట్లో దాన్ని తడిమి చూసేదాన్ని. అంతకుముందు బడికి తయారయ్యేలోపే ముప్ఫై ప్రశ్నలు అడిగే పిల్ల. గడ్డి పచ్చగా ఉంటే పాలు తెల్లగా ఎలా వస్తాయి? చీమలకు ఆవలింతలు వస్తాయా? నిన్న ఎక్కడికి పోయింది? బెంచీ మీద పదో రోజుకు అవి పది అయ్యాయి. ఇరవయ్యో రోజుకు మూడు. ముప్ఫయ్యో రోజున ఒక్కటే అడిగింది.

"అమ్మా, నువ్వు బడిలో నన్ను చూసి కూడా ఎందుకు చూడవు?"

"సంఘం నియమం తల్లీ."

"అర్థమైంది" అంది. అదే మొదటిసారి ఆ మాట దాని నోట వినడం. ఎంత బుద్ధిగా ఉందో అని అత్తయ్య మురిసిపోయింది.

సరిగ్గా నలభయ్యో రోజున వార్షికోత్సవం. ప్రళయంలో వాన కూడా నలభై రోజులే కురిసిందనీ, ఇది శుభసూచకమనీ అయ్యగారు అన్నారు. ఓడ హాలు మధ్యలో బల్లల మీద, ఒక కొస వేదికకు తగులుతూ ఉంది. పదహారు అడుగుల ఎనిమిది అంగుళాలు. లోపలే కట్టారు కాబట్టి ఇక గుమ్మంలోంచి బయటికి రాదు. రావాలంటే నిజంగా ప్రళయం రావాలి. అప్పటినుంచి ఉదయం ప్రార్థనకు పిల్లలు దాని చుట్టూ ఒక్కొక్కరుగా గోడకు అంటుకుని నిలబడుతున్నారు.

అయ్యగారు వేదిక ఎక్కారు. అంగీ చేతులు వేళ్లు దాటి మోకాళ్లకు తగులుతున్నాయి. రిబ్బను కత్తిరించలేకపోయారు, మంచినీళ్ల గ్లాసు అందుకోలేకపోయారు. దండ వేయబోయినవాళ్లకు నమస్కారం పెడితే చేతులు ఎక్కడున్నాయో తెలియక వాళ్లు దండను అంగీకి వేశారు. సభలో ఒక్కరు కూడా నవ్వలేదు. పక్కనున్నామె నా చెవిలో, "ఎంత హుందాగా ఉన్నారో!" అంది. కుట్టినదాన్ని నేనే అని చెప్పుకుందామనిపించి ఊరుకున్నాను.

"ప్రియమైన సంఘమా!" అని ఆయన గొంతు సవరించుకున్నారు. "ఒక పసిబిడ్డ మనల్ని అడిగింది. మనం కోపగించుకున్నామా? లేదు. మనం దాటవేశామా? లేదు. నలభై దినములు మనం ఆ ప్రశ్నను మోశాము! విజ్ఞానం ఒక చెయ్యి, విశ్వాసం ఒక చెయ్యి. ఈ రెండు చేతులూ ఈరోజు కలుస్తున్నాయి!"

కలుస్తున్నాయని చూపించడానికి చేతులు బారచాపారు. కుడిచేతి అంగీ ఒకసారి గాలిలో తిరిగి, అందరికీ కనపడాలని పక్కన తెరిచి ఉంచిన ఓడ పై అంతస్తును ఊడ్చుకుంటూ వచ్చింది. తొమ్మిది డైనోసార్లూ టపటపమని నేలమీద పడ్డాయి. ఆవు మిగిలింది.

ఎక్కితే ఇప్పుడేవి అన్న మూడో ప్రశ్నకు సంఘం ఎంత తన్నుకున్నా జవాబు దొరకలేదు. దాన్ని మెల్లగా వదిలేద్దామనే చివరి సమావేశంలో అనుకున్నారు. అయ్యగారు కిందపడ్డ వాటివైపు చూశారు. ఓడలో నిలబడ్డ ఆవు వైపు చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇదిగో! ఇలాగే!" అన్నారు.

చప్పట్లు మోగాయి. ఎంతసేపు మోగాయంటే, ఈలోపు కొట్టిన మొదటి బెల్లు ఎవరికీ వినపడలేదని అటెండరు రెండో బెల్లు కూడా కొట్టేశాడు. అన్నీ ఓడ ఎక్కాయని తేలింది కాబట్టి ఎక్కకపోతే ఎందుకన్న నాలుగో ప్రశ్న దానంతట అదే రద్దయింది.

అప్పుడు పాపను బెంచీ మీద నుంచి తీసుకొచ్చి వేదిక ఎక్కించారు. చేతికి ఒక రంగు పెన్సిళ్ల పెట్టె ఇచ్చారు.

"అర్థమైందా పాపా?" అన్నారు అయ్యగారు.

పాప కిందపడ్డ పొడుగుమెడ డైనోసారును చూసింది. ఓడను చూసింది. తరవాత ఆ అంగీ చేతిని భుజం దగ్గర నుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి ఖాళీగా వేలాడుతున్న కొస దాకా మెల్లగా చూసుకుంటూ వచ్చింది. టైలరు కూతురు. దాని పెదవులు విడివడ్డాయి. వద్దు తల్లీ, వద్దు తల్లీ అని నేను నా పమిట కొంగును నోట్లో కుక్కుకున్నాను.

పాప నోరు మూసుకుంది. "అర్థమైందండీ" అంది.

మళ్లీ చప్పట్లు. నేను కూడా కొట్టాను. నా భయం తీరింది. మా పాప నలుగురిలో ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఇంట్లో చాలా ప్రశాంతంగా ఉంది. పాప లేస్తుంది, తలదువ్వించుకుంటుంది, బడికి వెళుతుంది, వస్తుంది. ఏదీ అడగదు. మొదటి రెండు రోజులు అలసట అనుకున్నాను. మూడోరోజు కావాలని దాని చొక్కాకు గుండీలు వెనకవైపు కుట్టాను. తిరగేసి తొడుక్కుంది. మంగళవారంనాడు ఈరోజు ఆదివారం అన్నాను. "సరే అమ్మా" అని బ్యాగు కింద పెట్టేసింది. పాలల్లో చక్కెరకు బదులు ఉప్పు వేశాను. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా గ్లాసు ఖాళీ చేసి "బావుంది" అంది.

"ఇలాంటి పిల్ల ఎంతమందికి దొరుకుతుంది!" అంది అత్తయ్య. పాప వాళ్ల నాన్న మాత్రం డిపో నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "ఇల్లేమిటి ఇలా ఉంది, కరెంటు పోయిందా?" అన్నాడు. కరెంటు ఉంది.

నేను మళ్లీ హెడ్‌మాస్టరుగారి గదికి వెళ్లాను. ఈసారి కూర్చోమనకముందే కూర్చున్నాను. "అయ్యా, మా పాప ప్రశ్నలు దానికి తిరిగి ఇప్పించండి. జవాబులు కావాలంటే మీరే ఉంచుకోండి" అన్నాను.

ఆయన ఫైలు తీసి చూశారు. అగ్గిపెట్టె కింద, టైంటేబులు కింద పాప నాలుగు ప్రశ్నలూ ఉన్నాయి. "ఇది ముగిసిన ఫైలమ్మా. ఇందులోంచి కాగితం బయటికి తీయడానికి వీల్లేదు. ఆపైన ఇప్పుడు మనకు కొత్త బాధ్యత వచ్చింది" అన్నారు.

కొత్త బాధ్యత కిటికీలోంచి కనపడుతోంది. బెంచీ మీద ఒక రెండు జడల పిల్ల. మూడో తరగతి. ప్రళయంలో అన్నీ మునిగిపోయాయి కదా, మరి చేపలు ఎలా మునిగాయి అని అడిగిందట. సంఘాన్ని శాశ్వతం చేశారు. వడ్రంగి మావయ్యకు నీళ్ల తొట్టి పురమాయించారు. ఆ తొట్టి నిండేదాకా ఎన్ని బిందెలు పడతాయో, అయ్యగారి బిందె ఎంతో కొలవాలి కాబట్టి నేను శాశ్వత సభ్యురాలిని. నియమం కూడా శాశ్వతం. మాట్లాడరాదు, సైగ చేయరాదు.

మొన్న నేను మిషను తొక్కుతున్నాను. పాప నా పక్కన పీట మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా వేరు చేస్తోంది. పందొమ్మిది రోజులైంది అది నన్ను ఏదైనా అడిగి. తెల్లగుండీ ఒకటి చేతిలో పట్టుకుని, తల ఎత్తకుండా అంది.

"అమ్మా, ఆ పిల్ల బాక్సు తెచ్చుకుంటోందా?"

నా కాలు పెడలు మీదే ఆగిపోయింది.

"బెంచీ జరిపారు కదా, అక్కడికి మధ్యాహ్నం ఎండ వస్తుంది. నీళ్ల బాటిల్ ఉందా దాని దగ్గర?"

రెండు. రెండు ప్రశ్నలు. నాకు జవాబులు తెలియవు. కానీ ఈసారి నా బిడ్డను నాలాగా పందొమ్మిదేళ్లు ఆగమని చెప్పలేను. కనుక్కుని చెబుతానని మాటిచ్చేశాను.

నేను వెళ్లకూడదు. పాప వెళ్లకూడదు, మాజీ ప్రశ్నదారులు బెంచీకి పది అడుగుల దూరంలో ఉండాలి. వాళ్ల నాన్నకు డ్యూటీ ఉంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రేపు మధ్యాహ్నం మీరు అటు వెళ్తే ఒక్కసారి లోపలికి వెళ్లి ఆ రెండు జడల పిల్లను చూసి రండి. చేపల సంగతి చెప్పనక్కర్లేదు, అది మీకూ తెలియదు. అన్నం తిన్నదా, నీళ్లున్నాయా, ఎండ తగులుతోందా, అంతే. గేటు దగ్గర మిమ్మల్ని ఎవరూ ఆపరు. ఇన్నేళ్లుగా ఎక్కడా ఏమీ అడగకుండా వచ్చిన ముఖమని చూడగానే తెలిసిపోతుంది.